మంచుని మీరేమంటారండీ

నాగబాబు చేసిన చివరి పని మినప్పప్పు నానబొయ్యడం.

మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో స్టీలు గిన్నెలో పావుకిలో పప్పు పోసి, మూడుసార్లు కడిగి, నాలుగోసారి పోసిన నీళ్ళలో ఉంచి మూతపెట్టాడు. మర్నాడు పొద్దున్న దిబ్బరొట్టె వేద్దామని. "ఇడ్లీ రవ్వ ఉందా, తెమ్మంటావా?" అని వంటింట్లోంచే అడిగాడు. భవానీదేవి హాల్లో కూర్చుని లైబ్రరీ రిజిస్టరుకి అట్ట వేసుకుంటోంది. "ఉంది" అంది. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆమె అతనితో అన్న చివరి మాట అదే.

నాలుగింటికి టీ పట్టుకుని వరండాలోకి వెళ్ళేసరికి కుర్చీలో అతని తల పక్కకి వాలిపోయి ఉంది. ఆమె చేతిలో కప్పు జారిపోలేదు. దాన్ని తొణక్కుండా కిటికీ గట్టు మీద పెట్టి, ఆ తర్వాత అతని భుజం పట్టుకుని కదిపింది. ముందు కప్పు ఎందుకు పెట్టిందో ఆమెకిప్పటికీ తెలీదు.

ఆ తర్వాతి రోజు సాయంత్రం పక్కింటి వీరాయమ్మ గారు వంటింట్లో గిన్నె మూత తీసి చూసింది.

"పప్పు బుడగలొచ్చేసిందమ్మా భవానీ. వాసనేత్తంది. పారబొయ్యనా?"

"పారబొయ్యండి."

నీళ్ళు పెరట్లో అరటిచెట్టు మొదట్లో పడిన చప్పుడు వినబడింది. ఏడుపొస్తుందేమోనని ఇంట్లో ఉన్న ఆడవాళ్ళందరూ ఆమె వైపు చూశారు. రాలేదు.

నాగబాబుది రాజోలు దగ్గర పల్లె. అరెకరం కొబ్బరితోట, ఇద్దరన్నదమ్ములు. తోట ఒకడికి చాలదని తమ్ముడు భాస్కర్‌కి వదిలేసి, పదహారో ఏట రాజోలులో మేనమామ హోటల్లో చేరాడు. గిన్నెలు తోమడం దగ్గర మొదలుపెట్టి పులుసు దగ్గరికి వచ్చాడు. ముప్పై ఐదు దాటాక, తాటిపాక అవతల గ్యాసు కోసం నేల తవ్వే కంపెనీవాళ్ళు ఒక గెస్ట్‌హౌస్ పెడితే అందులో వంటవాడిగా కుదిరాడు. పందొమ్మిదేళ్ళు అక్కడే. మనిషి పొట్టి, నల్లటి చేతులు, మాట తక్కువ. వంట చేసేటప్పుడు ఎవరైనా గుమ్మంలో నిలబడితే గరిటె కింద పెట్టేసేవాడు, వాళ్ళు వెళ్ళేదాకా మళ్ళీ పట్టుకునేవాడు కాదు. సొంత ఇంట్లో కూడా అంతే. భవానీదేవి రాజోలు శాఖా గ్రంథాలయంలో పని చేస్తుంది. పిల్లలు లేరు. ఆదివారాలు ఆమె చదివింది అతనికి చెప్పేది, అతను వండింది ఆమెకి పెట్టేవాడు. అలా గడిచింది.

ఆ గెస్ట్‌హౌస్‌కి విదేశాల నుంచి మనుషులొచ్చేవారు. యంత్రాలు తెలిసినవాళ్ళు. నాలుగు వారాలుండి వెళ్ళిపోతే ఇంకొకరు దిగేవారు. రష్యా, ఉక్రెయిన్, బల్గేరియా, పోలెండు, క్రొయేషియా. పేర్లు నోరు తిరక్కపోయినా నాగబాబు అందరినీ 'గారు' కలిపి పిలిచేవాడు, ఒలెగ్ గారు, తరాస్ గారు, మారెక్ గారు అని. వాళ్ళలో కొందరిని అతను ఒక మాట అడిగేవాడు. తనకొచ్చిన నాలుగు ముక్కల ఇంగ్లీషులో, చేతులతో పైనుంచి కిందకి రాలుతున్నట్టు చూపించి, "మంచుని మీరేమంటారండీ?" అని. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, చెవికి పడినట్టు, తెలుగులో రాసుకునేవాడు. పాత కేలండరు అట్ట వెనక, పెన్సిలుతో.

గెస్ట్‌హౌస్ మూసేసిన రోజున అతను ఇంటికి తెచ్చుకున్నవి రెండు కత్తులు, ఒక పెద్ద చిల్లుల గరిటె, ఈ అట్ట. అట్టని వంటింటి అలమర తలుపుకి లోపలివైపు అతికించాడు. తలుపు తీస్తే ఇంగువ వాసనతోపాటు అవి కనబడేవి. స్నేగ్, రష్యా, ఒలెగ్ గారు. స్నీహ్, ఉక్రెయిన్, తరాస్ గారు. శ్నేక్, పోలెండు, మారెక్ గారు. స్న్యాగ్ అని బల్గేరియాది, స్నియెగ్ అని క్రొయేషియాది. కొన్ని మాటలు రెండు మూడుసార్లు కూడా ఉన్నాయి, వేరే వేరే మనుషుల పేర్లతో. మొత్తం ఇరవై మూడు వరసలు.

మొదట అవి చూసి భవానీదేవి ఆశ్చర్యపోయింది. ఇన్ని దేశాల వాళ్ళకీ మంచు దాదాపు ఒకటే మాట. ఆమెకి ఇంకోటి కూడా తట్టింది. గ్రంథాలయంలో మూలపడిన సంస్కృత నిఘంటువు తీసి చూసి, రాత్రి భోజనాల దగ్గర చెప్పింది.

"ఇదిగో, వింటున్నారా? మన స్నేహం ఉంది చూడండి, దానికి సంస్కృతంలో నూనె అని కూడా అర్థం. జిడ్డు, అంటుకునేది. ఈ స్నేగ్, ఆ స్నేహం ఒకే వేరు నుంచి వచ్చాయని కొందరు పండితులు అంటారట. కొందరు ఒప్పుకోరట."

నాగబాబు చారన్నం కలుపుతూ ఆలోచించాడు. "అయితే ఆళ్ళ ఊళ్ళో ఆకాశంలోంచి కొబ్బరినూని పడతాదన్నమాట."

"మీకు చెప్పేను చూడండి!"

"కోప్పడకే. మరి ఆ నూనంతా ఏం చేసుకుంటారంటావు?"

ఆ ఏడు మార్గశిరంలో చలి ముదిరి సీసాలో కొబ్బరినూనె తెల్లగా పేరుకుపోయినప్పుడు, పొద్దున్నే సీసా పట్టుకుని ఆమె మంచం దగ్గరికి వచ్చాడు. "భవానీ, లే. మనింట్లో స్నేగ్ పడింది." అప్పట్నుంచి ప్రతి ఏడూ అదే మాట. ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలై టీవీలో కూలిన ఇళ్ళు చూపించిన రోజుల్లో మాత్రం ఒకసారి అలమర తలుపు తీసి చాలాసేపు నిలబడ్డాడు. "ఒలెగ్ గారు, తరాస్ గారు ఒకే పళ్ళెంలో అప్పడాలు తినేవోరే" అన్నాడు. అని తలుపు మూసేశాడు.

ఎందుకీ మంచు పిచ్చి అని ఆమె రెండు మూడుసార్లు అడిగింది. "ఊరికేనే" అన్నాడు. ఊరికే ఎవరూ పందొమ్మిదేళ్ళు ఒకే మాట అడగరు. గోదావరి దాటి రాజమండ్రి మించి వెళ్ళని మనిషి, చూడలేని దాని పేరన్నా పోగేసుకుంటున్నాడని ఆమె అనుకుంది. ఒక ఏడు చూపిద్దాం, రిటైరయ్యాక చూపిద్దాం అని లోపల అనుకుంది. అతనితో అనలేదు. అంటే వద్దంటాడని.

పదో రోజు సోంపల్లి రేవులో పిండాలు పెట్టారు. కర్మ చేసింది భాస్కర్. బ్రహ్మగారు మంత్రం చెప్పి, పిండాన్ని ఆకులో పెట్టి గట్టు మీద ఉంచి, అందరినీ వెనక్కి జరగమన్నారు. జరిగారు. కాకులు లేక కాదు, ఎదురుగా కొబ్బరిమట్టల మీద ఐదారు కూర్చునే ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు.

పావుగంట, అరగంట. ఎండెక్కింది. పోయినవాడికి తీరని కోరికేదో ఉంటే కాకి ముట్టదని అందరికీ తెలుసు. ఒక్కొక్కరూ ముందుకొచ్చి మాటిస్తున్నారు.

"అన్నయ్యా, వదిన్ని నేను చూసుకుంటాను. నాకు తల్లిలాంటిది" అన్నాడు భాస్కర్. కాకి కదల్లేదు.

"పెరట్లో నీ సపోటా చెట్టు కొట్టించంలేరా" అన్నాడు ఎవరో బాబాయి. కదల్లేదు.

వీరాయమ్మ గారికి ఓపిక పోయింది. "ఉప్పు లేదురా దాంట్లో! ఆడు వంటోడు. చప్పిడి పిండం ఆడెలా ముడతాడు? ఓ ఉప్పుగల్లు పడెయ్యండి."

"ఊరుకోండమ్మా, పిండంలో ఉప్పేటండి" అన్నారు బ్రహ్మగారు. ఆడవాళ్ళలో ఎవరో ఫక్కున నవ్వి నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు. నవ్వు భవానీదేవికి కూడా వినబడింది. మంచి మాటే అనిపించింది. అతను విని ఉంటే గరిటె పక్కన పెట్టి మరీ నవ్వేవాడు. ఆమె ముఖం మాత్రం అలాగే ఉంది.

అందరూ ఇప్పుడు ఆమెనే చూస్తున్నారు. ఆమె ముందుకెళ్ళింది.

"మంచు చూపిస్తానండీ" అంది. సరుకుల చీటీ చదివినట్టు వచ్చింది గొంతు. "మిమ్మల్ని మంచులోకి తీసుకెళ్తాను."

ఆమె ఇంకా వెనక్కి తిరగనేలేదు, ఒక కాకి మట్ట మీంచి జారినట్టు దిగి, రెండు గెంతులు గెంతి, పిండంలోంచి ముక్క పట్టుకుపోయింది. దాని వెనక రెండోది.

"చూసేరా! మంచంట!" అంది వీరాయమ్మ గారు. "ఎవరికి తెలుసమ్మా, మనిషి లోపల ఏటుంటాదో."

అందరూ తేలికపడ్డారు. భవానీదేవి స్నానానికి నీళ్ళలోకి దిగింది. నీళ్ళు చల్లగా ఉన్నాయో లేవో ఆమెకి తెలియలేదు.

అస్థికలు అంతర్వేదిలో కలపాలని భాస్కర్ ముందే అనుకున్నాడు. ఆమె సగం ఉంచమంది.

"ఎక్కడుంచుతామండి వదినా? ఇంట్లో పెట్టకూడదు."

"మోటారు షెడ్డులో."

"ఎన్నాళ్ళు?"

"మే నెలలో బదరీనాథ్ తలుపులు తీస్తారు. రాజమండ్రి నుంచి యాత్ర బస్సుల వాళ్ళున్నారు. కనుక్కున్నాను."

భాస్కర్‌ది కొత్తపేటలో కొబ్బరి కొట్టు. కాయల దింపులు ముమ్మరంగా ఉండే రోజులు. నెత్తి గోక్కున్నాడు గానీ కాదనలేదు. కాకి ముట్టింది అందరి ఎదుటా కదా. మూడు నెలలపాటు ఆ చిన్న మట్టిముంత ఎర్రగుడ్డలో మోటారు షెడ్డు కొక్కేనికి వేలాడింది. భవానీదేవి రోజూ గ్రంథాలయానికి వెళ్ళింది, పుస్తకాల మీద తేదీ ముద్ర వేసింది, ఇంటికొచ్చి అన్నం వండుకుంది. కూర సంగతి మర్చిపోయేది. మోటారు వేసినప్పుడల్లా ముంత కొద్దిగా కదిలేది. ఆమె చూసి స్విచ్చి కట్టేసి వచ్చేది. ఆ రోజుల్లో ఆమెకి ఆలోచన ఒక్కటే. మాటిచ్చింది, తీర్చాలి. అది తప్పు కాకూడదు. అతని విషయంలో ఇంకేదీ ఆమె చేతిలో మిగల్లేదు.

ప్రయాణం పన్నెండు రోజులు. రైలు, తర్వాత బస్సు. బస్సులో అంతా గోదావరి జిల్లాల వాళ్ళే, వెనక సీట్లో వంటమనిషీ గ్యాసు సిలిండరూ. మలుపుల దగ్గర ఆడవాళ్ళు గోవిందా అంటున్నారు. భాస్కర్ జేబులో అల్లం మురబ్బా పెట్టుకుని, "తినండొదినా, తిప్పేత్తాది" అని ఇస్తూనే ఉన్నాడు. ఆమె తీసుకుని పమిట కొంగులో ముడేసుకుంది. తర్వాత చూస్తే ఆ ముడి నిండా మురబ్బా ముక్కలే.

బదరీనాథ్ ఇంకా కిలోమీటరు ఉందనగా బస్సు ఆగిపోయింది. రోడ్డు పక్కన, యంత్రంతో తోసిన మంచు గుట్టగా ఉంది. తెల్లగా లేదు. దుమ్ము, డీజిలు మసి పట్టి, తోటలో నెల రోజులు నానిన పీచు కుప్పలా ఉంది. భవానీదేవి దిగి వెళ్ళి చెయ్యి పెట్టింది. పైపొర తీస్తే లోపల తెలుపు. గరగరలాడుతోంది.

భాస్కర్ కూడా పిడికెడు తీసుకుని చూశాడు. "మన రొయ్యల పెట్టెల్లో వేసే ఐసు పొడేనండి వదినా. ఇంతేనా?"

"ఇంతే."

"దీనికోసమా అన్నయ్య…" అని ఆగిపోయాడు. ఆమెకీ అదే అనిపించింది. కానీ కోరిక ఎవరిదో వాళ్ళది. ముంత గుడ్డ విప్పి, మంచు గుట్ట మీద ఒక్క నిమిషం ఉంచింది. చెయ్యి తిమ్మిరెక్కేదాకా పట్టుకుని ఉంది. "ఇదిగోనండీ, స్నేగ్" అంది. వెనక బస్సువాడు హారను కొట్టాడు.

మర్నాడు అలకనందలో కలిపారు. అక్కడే బ్రహ్మకపాలం అనే చోట పిండం పెడితే ఇక ఆ మనిషికి ఏటా తద్దినం పెట్టక్కర్లేదని యాత్రవాళ్ళు చెప్పారు. భాస్కర్ ఆమెని పక్కకి పిలిచాడు.

"ఇదొక్కటి ఆలోచించండి వదినా. ఇక్కడ పెట్టేత్తే అయిపోయినట్టే. ఇంక యేడాదికోసారి అన్నయ్య పేరు చెప్పి పెట్టేది ఉండదు. మీకు సమ్మతమేనా?"

ఆమె కొండవైపు చూసింది. పైన నిజంగానే తెల్లగా ఉంది.

"ఆయనకున్న కోరిక ఒక్కటే. తీరిపోయింది. పెట్టెయ్యండి."

పెట్టేశారు. నీళ్ళ హోరులో బ్రహ్మగారి మంత్రం సగమే వినబడింది. వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో ఆమె నిద్రపోయింది. నాగబాబు పోయాక అంత నిద్ర అదే మొదలు. మాట నిలబెట్టుకున్నాననుకుంది. దుఃఖం ఏమీ తగ్గలేదు, అసలు అది ఎక్కడుందో తెలిస్తే కదా. కానీ లెక్క తప్పలేదన్న ధైర్యం ఒకటి కుదిరింది.

జూన్‌లో తొలి వానలు పడ్డాక ఒక ఆదివారం దీనమ్మ వచ్చింది. గెస్ట్‌హౌస్‌లో పందొమ్మిదేళ్ళూ గిన్నెలు తోమిన మనిషి. నాగబాబు పోయిన రోజు వచ్చి, గేటు దగ్గర నిలబడి ఏడ్చి వెళ్ళింది. తర్వాత మలికిపురంలో కూతురి పురిటికని వెళ్ళి మొన్ననే తిరిగొచ్చింది. సంచిలోంచి ములక్కాడలు తీసి అరుగు మీద పెట్టింది.

"మా పెరట్లోయేనండి. మీరేటి, ఇలా చిక్కిపోయేరు? తింటన్నారా అసలు?"

"తింటున్నాను. కూర్చో దీనమ్మా, టీ పెడతాను."

"నే పెడతాను, మీరు కూకోండి. ఆ మోకాళ్ళ నొప్పులేసుకుని అంత దూరం ఎల్లొచ్చేరంట గదా. వీరాయమ్మ గారు చెప్పేరు. ఏం అవసరమొచ్చిందండి మీకు?"

"ఆయనకి మంచు చూడాలని ఉండేది కదా. అందుకని."

దీనమ్మ టీపొడి డబ్బా చేత్తో పట్టుకుని ఆగింది. "ఎవరికండి? బాబు గారికా?"

"మరి! అందరినీ అడిగేవారుగా. ఇదిగో, అట్ట కూడా ఇక్కడే ఉంది." భవానీదేవి లేచి అలమర తలుపు తీసి చూపించింది.

దీనమ్మకి చదువు రాదు. కానీ ఆ అట్టని గుర్తుపట్టి నవ్వింది. గబుక్కున నవ్వాపుకుంది.

"ఇదాండి! అయ్యో, ఇది మంచు కోసం కాదండమ్మగారూ. ఆరికి మంచేటండి, ఆ ఏసీ గదుల్లో టిఫిను ఇచ్చి రావాలంటేనే చెవులకి తువ్వాలు చుట్టుకునేవోరు. చలంటే అసలు గిట్టదు కదండి ఆరికి."

"మరెందుకు?"

"అన్నం కోసమండి." దీనమ్మ పొయ్యి సన్నం చేసింది. "కొత్తగా దిగినోళ్ళు కొందరు తినేవోరు కాదండి. ఇంటి మీద బెంగో, మన కారమో. పళ్ళెం ఎలా ఎల్లిందో అలాగే వచ్చేసేది. బాబు గారికి ఆ పళ్ళెం చూత్తే తలకొట్టేసినట్టుండేది. నన్ను తోమనిచ్చేవోరు కాదు, అలా ముందెట్టుకుని కూకునేవోరు. ఓసారి ఒకాయన, ఒలెగ్ గారంటారే, ఆయన మూడు రోజులు తినలేదండి. నాలుగోనాడు ఈరే పళ్ళెం పట్టుకెళ్ళి, ఏం మాట్టాడాలో తెలీక, మంచుని మీరేమంటారండీ అనడిగేరు. అంతేనండి! ఆయన మొదలెట్టేడు. ఆళ్ళమ్మంట, ఊరంట, చిన్నప్పుడు బళ్ళోకెల్లే దారంట. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి ముక్క తెలీదు. చెప్తా చెప్తా పళ్ళెం కాళీ చేసేసేడండి. బాబు గారు బయటికొచ్చి, దీనమ్మా, ఇంకో గరిటె చారు పట్రా అన్నారు. అప్పట్నుంచి అదే మందు."

టీ పొంగింది. దీనమ్మ చప్పున దింపి, కొంగుతో గట్టు తుడిచింది.

భవానీదేవి తలుపు పట్టుకునే నిలబడి ఉంది. ఇరవై మూడు పేర్లు. బదరీనాథ్ నుంచి తెచ్చుకున్న నీళ్ళ సీసా పై అరలో ఉంది. పందొమ్మిదేళ్ళలో ఆ గెస్ట్‌హౌస్‌కి వచ్చినవాళ్ళు ఎంతమందని అడిగింది. ఎందుకడిగిందో ఆమెకే తెలీదు.

"వందలండి. లెక్కెవరెట్టేరు?"

"మరి అట్ట మీద ఇరవై మూడే ఉన్నాయే?"

"అంతేనండి మరి." దీనమ్మ టీ వడగట్టి గ్లాసు ఆమె చేతికందించింది. "మొదటిరోజే తిన్నోళ్ళని బాబు గారు ఆ మాట అడగనే అడగలేదండి."